అగ్గికి అడ్డుపడు మణి

నాకు పదునాలుగేండ్ల ప్రాయమున, నెల్లూరు సీమలోని మా గ్రామమందు, శాస్త్రులవారొకరు తమ వీథియరుగు మీద కూర్చుండి మా నలుగురు పిల్లలకు తర్కసంగ్రహము చెప్పుచుండిరి. ఆ గ్రంథమును రచించిన అన్నంభట్టు ఆంధ్రుడని చెప్పునప్పుడు వారి కంఠమున వినవచ్చు గర్వమొక్కటే ఆ పాఠమునందు మాకు మొదట బోధపడిన యర్థము. ద్రవ్యము, గుణము, కర్మ, సామాన్యము, విశేషము, సమవాయము, అభావము అని ఏడు పదార్థములను వ్రేళ్ళు మడచి లెక్కించుచు, ఏడవదానికి వచ్చునప్పటికి వారు కొంచెముసేపు ఆగి, "లేకపోవడం కూడా ఒక పదార్థమే నాయనా! ఈ అరుగు మీద కుండ లేదన్నామనుకో, ఆ లేకపోవడం నీ మనసులో లేదు, ఇక్కడే, ఈ అరుగు మీదే ఉంది" అనెడివారు. లేనిది ఉండుట యెట్లని మేము చాటున నవ్వుకొనెడివారము. ఏబదియేండ్లు గడచిన పిమ్మట ఆ నవ్వు నాకు మరల జ్ఞప్తికి వచ్చుటకు కారణము ఒక వరిమడి.

సంగ్రహము ముగిసిన పిదప, ముక్తావళి యారంభమున వచ్చు నొక వివాదమును వారు మాకు కథవలె చెప్పిరి. నిప్పు అరచేతిని కాల్చును. చేతియొద్ద చంద్రకాంతమణి యున్నచో అదే నిప్పు అదే చేతిని కాల్చదు; మణిని తీసివేసినతోడనే మరల కాల్చును. నిప్పులో మార్పేదియు కానరాదు, చేతిలోను కానరాదు. మరి యేమి జరిగినది? ప్రాభాకర మీమాంసకుడు చెప్పునదేమనగా, నిప్పునకు వేడిమికంటెను వెలుగుకంటెను వేరైన దాహకశక్తి యను పదార్థమొకటి కలదు; మణి సన్నిధిని అది నశించును, మణి తొలగగానే మరల పుట్టును. నైయాయికుడు దీనికి ఒప్పుకొనడు. మణిని తెచ్చినప్పుడెల్ల ఒక శక్తి చచ్చుననియు, తీసినప్పుడెల్ల మరియొకటి పుట్టుననియు అంతులేని జననమరణములను కల్పించుకొనుటకంటె, కాలుటకు నిప్పెట్లు కారణమో మణి లేకపోవుటయు అట్లే ఒక కారణమనుకొన్న చాలదా యని యతని ప్రశ్న. అంతటితో వాదము తెమలలేదు. మణి యున్నను, దాని ప్రక్కన ఉత్తేజకమను మరియొక మణి నుంచినచో నిప్పు యథాప్రకారము కాల్చును గదా యని ప్రతిపక్షి యడుగగా, ఉత్తేజకము తోడులేని మణి యేది కలదో దాని లేకపోవుటయే కారణమని నైయాయికుడు తన సూత్రమునకు ఇంకొక ముడి వేసెను. అట్టి మణి యెక్కడనైన నున్నదా, చూపగలరా యని నేనడిగితిని. శాస్త్రులవారికి కోపము వచ్చినది. ఉదాహరణము నిజమై యుండవలసిన పనిలేదని వారన్న మాట అప్పటికి నా నోరు మూయించెను. అట్టి మణి నిజముగనే కలదనియు, అది యరుగు దిగి నాలుగడుగులు వేసినచో కనబడు పొలములలోనే యుండుననియు వారికిని తెలియదు, నాకును తెలియదు.

మా సీమలో వరికి వచ్చు తెగుళ్ళలో మిక్కిలి భయంకరమైనదానిని రైతులు అగ్గి తెగులందురు. ఆ పేరు పెట్టినవాడెవ్వడో గాని, చూచినదానిని చూచినట్లు చెప్పినవాడు. మొదట ఆకు మీద నూలుకండె యాకారమున, నడుమ బూడిదవన్నెయు అంచుల గోధుమవన్నెయు గల మచ్చలు పుట్టును; మంచు కురిసి, రాత్రులు చల్లబడి, ఆకులు తెల్లవారిన పిదపకూడ తడియారక యుండు దినములలో ఆ మచ్చలొకదానితో నొకటి కలసి, చూచుచుండగనే మడి యంతయు నిప్పంటించినట్లు మాడిపోవును. వెన్ను తీయువేళ సోకినచో మెడ నల్లబడి విరుగును. మెడవిరుపు పట్టిన చేనిలో వెన్నులన్నియు తెల్లగా తాలుపోయి, దూరమునుండి చూచువానికి పండిన చేనువలెనే కనుపించుట ఆ తెగులు చేయు క్రూరపరిహాసము. యూరియా మెండుగా చల్లి, పైరు నల్లగా ఏపుగా వచ్చినదని మురియువాని చేనికే అగ్గి ముందు వచ్చునని మా మేనమామ చెప్పెడివాడు. శాస్త్రజ్ఞులును ఆ మాటనే చెప్పుదురు. మన దేశమున దీనిని 1913లో తంజావూరు డెల్టాయందు మొదట గుర్తించిరి; 1919లో అచ్చటనే అది విజృంభించెను.

ఈ యగ్గికి కర్త కంటికానని యొక శిలీంధ్రము. మూడు గదులు గల దాని సిద్ధబీజము గాలిలో వచ్చి తడియాకు మీద వ్రాలి, కొననుండి జిగురు స్రవించి అతుక్కొని, మొలకెత్తి, మొలక చివర గుమ్మటమువంటి కణము నొకదానిని నిర్మించుకొనును. గుమ్మటపు గోడకు మెలనిన్ అను నల్లని పూత పూసి, లోపల గ్లిసరాల్ నింపుకొనగా, నీరు లోనికి చొచ్చి 80 వాతావరణముల వరకు పీడనము పుట్టును. అనగా మోటారు చక్రములోని గాలి యొత్తిడికి సుమారు 40 రెట్లు. ఆ బలముతో సన్నని మేకు నొకదానిని ఆకు పొరలోనికి దిగవేయును. ఇంత పని చేయుటకు అది ఆకునుండి పుచ్చుకొన్నదేమియు లేదు. తెచ్చుకొన్న మూటనే విప్పి ఖర్చు చేయును. సిద్ధబీజములోని కణములు తమ సారమంతయు గుమ్మటమునకు ధారవోసి తాము చచ్చును. అవి చావకున్నచో దాడియే సాగదని 2006లో వెల్లడియైనది. ఈ సంగతిని పాఠకులు మనసున నుంచుకొన ప్రార్థన. మరల దీనితో పనిపడును.

మొక్క కదలలేదు, పారిపోలేదు. మన నెత్తురులోవలె అంతటను తిరుగుచుండు కావలివాండ్రు దానికి లేరు. ఒక్కొక్క కణము తన కోటకు తానే కాపరి. శిలీంధ్రపు గోడ కైటిన్ అను పదార్థముతో కట్టబడినది, మొక్క గోడలో కైటిన్ లేదు. కనుక వరికణపు పైపొర యందు కైటిన్ తునకలను పట్టి గుర్తించు ప్రోటీనులు కాచుకొని యుండును. తునక తగిలినంతనే గోడలు గట్టిపడును, కైటిన్‌ను కొరికివేయు ఎంజైములు ఊరును. ఇది శిలీంధ్రజాతి కంతకును చెల్లు సామాన్యపు కావలి. దీనిని దాటవచ్చిన అగ్గి శిలీంధ్రము చేయు తంత్రము వినదగినది: అది తానొక ప్రోటీనును వెలికి వదలి, చెదరిన కైటిన్ తునకలను కావలివాని చేతికి చిక్కకుండ దానితో ఊడ్చుకొనును. నేరము చేయువాడు వెనుకకు నడచుచు తన యడుగుజాడలను చెరుపుకొనుట వంటిది. కావలి యున్నది, నిప్పు కాలుచున్నది; నడుమ మూడవది యొకటి వచ్చి కావలిని వ్యర్థము చేసినది. ఉత్తేజకమణికి ఇంతకంటె చక్కని యుదాహరణము మిథిలలోను కాశిలోను దొరికియుండదు.

అటుపై శిలీంధ్రము కణము లోపలికి తన దూతలను పంపును. ఇవియు ప్రోటీనులే, ఇంటిలో దూరి కాపలా గంటల తీగెలను త్రెంచుట వీని పని. ఈ దూతలను లోపల పట్టుకొను ప్రోటీనులను మొక్క సిద్ధపరచుకొని యున్నది. వానిని నిర్మించు జన్యువులే నేను చెప్పదలచిన మణులు. ఒక్క వరియందే యిట్టివి సుమారు 500 కలవు. ఇందు కొన్ని దూతను నేరుగా తాకి పట్టును. కొన్ని మాత్రము విరాటపర్వములోని నర్తనశాల యుపాయము పన్నును: దూత యే ప్రోటీనును వెదకికొని వచ్చునో, ఆ ప్రోటీను తునక వంటి దానినే తమ మేన తగిలించుకొని కూర్చుండును. సైరంధ్రి యనుకొని చేయి వేసిన కీచకునికి భీముని పట్టు తగిలినట్లు, ఎర యనుకొని తాకిన దూత చిక్కుపడును. చిక్కిన మరుక్షణమున ఆ కణము తన్ను తాను చంపుకొనును. శిలీంధ్రము బ్రతికిన కణములో వేళ్ళూనుకొనదలచి వచ్చినది. అచ్చట శవము తప్ప మరేమియు మిగులదు. ఆకు మీద సూదిమొనయంత గోధుమరంగు చుక్క యొకటి పడి, తెగులు అచ్చటితో నిలిచిపోవును. గోధుమ తుప్పు తెగులునందు ఇట్టి చావును పరిశీలించిన అమెరికా శాస్త్రజ్ఞుడు స్టాక్‌మన్ 1915లోనే దీనికి అతిసంవేదన యను నర్థమిచ్చు పేరు పెట్టెను.

ఇచ్చట ధర్మోపన్యాసకునికి మంచి యవకాశము దొరకును. పైరు కొరకు ప్రాణమిచ్చిన కణము, దేవతల కొరకు వెన్నెముక నిచ్చిన దధీచి, పావురము కొరకు తొడమాంసము కోసియిచ్చిన శిబి అని వరుసగా పేర్చి సభను కన్నీరు పెట్టింపవచ్చును. నాకది సమ్మతము కాదు. ఆకు మీదనున్న సిద్ధబీజకణములును గుమ్మటము కొరకు చచ్చినవే గదా. త్యాగమే ధర్మమునకు గుర్తైనచో ధర్మము ఇరుపక్షములందును సమముగనే యున్నది. చావవలెనా మానవలెనా యను సందేహము కలుగుటకు తావులేనిచోట త్యాగమను మాట చెల్లదు. కణమునకు సందేహము లేదు. కనుక కరుణరసమును ప్రక్కకు నెట్టి, నా ప్రశ్నకు వచ్చెదను: ఈ తట్టుకొను శక్తి యెక్కడ నున్నది?

విత్తనములో నున్నదని ఎవ్వరైనను చెప్పుదురు. కేంబ్రిడ్జిలో రోలండ్ బిఫెన్ తట్టుకొను గోధుమను, తట్టుకొనని గోధుమను సంకరము చేసి, పసుపు తుప్పును తట్టుకొను గుణము మెండెలు సూత్రముల ననుసరించి రెండవ తరమున నాలుగింట ఒక పాలుగా విడివడునని 1905లో ప్రకటించినప్పుడు ఆ యభిప్రాయమే స్థిరపడెను. గింజకు రంగెట్లో, గడ్డికి పొడవెట్లో, తెగులును తట్టుకొనుట అట్లే. ద్రవ్యమునందు గుణము సమవాయసంబంధమున ఉండినట్లు విత్తనమునందు రక్షణ యున్నది. కర్ణుని కవచకుండలములవలె అది పుట్టుకతో వచ్చినది, దానిని వెదకి తెచ్చి మంచి రకమునకు తొడిగినచో పని ముగిసినదని ప్రజననకారులు తలచిరి. రకము విడుదలయగును; నాలుగైదేండ్లు నిలుచును; ఆరవయేట కాలిపోవును. విత్తనములో మార్పేదియు లేదు, జన్యువు ఉన్నచోటనే యున్నది. గుణము ద్రవ్యములోనే యున్నచో, ద్రవ్యము చెడకుండ గుణమెట్లు పోయినది?

దీనికి సమాధానము ఉత్తర డకోటాలోని ఫార్గో పట్టణమునుండి వచ్చినది. హెరాల్డ్ హెన్రీ ఫ్లోర్ అనునాయన అచ్చట అవిసె పైరునకు వచ్చు తుప్పు తెగులును పరిశోధించుచుండెను. గోధుమతో పోల్చినచో అవిసె గొప్ప పంట కాదు. కాని దాని తుప్పునకు ఒక సౌకర్యము కలదు. గోధుమ కాండపు తుప్పు తన దాంపత్యమునకు వేరొక జాతి పొదను వెదకికొని పోవలెను. అవిసె తుప్పు పుట్టుట, పెరుగుట, జతకూడుట యన్నియు అవిసె మీదనే. కనుక తక్కినవారందరు పంటను మాత్రము సంకరము చేయుచుండగా, ఫ్లోర్ పంటను సంకరము చేసెను, తెగులును సంకరము చేసెను. ఆయన యెన్నుకొన్న రెండు అవిసె రకములలో నొకటి ఒట్టావా, రెండవదానికి మన బొంబాయి పేరు. తుప్పులో 22 అను తెగ ఒట్టావాను కాల్చును, బొంబాయిని కాల్చలేదు. 24 అను తెగ బొంబాయిని కాల్చును, ఒట్టావాను కాల్చలేదు. రెండు రకములకు పుట్టిన అవిసె రెండు తెగలను తట్టుకొనెను, మరుసటి తరమున తొమ్మిది, మూడు, మూడు, ఒకటి అను పాళ్ళలో విడిపోయెను. అందులో వింత లేదు, బిఫెన్ చెప్పినదే. వింత తుప్పునందు కనబడినది. రెండు తెగలకు పుట్టిన సంకర తుప్పు, తండ్రి కాల్చినదానిని తల్లి కాల్చినదానిని గూడ కాల్చగలదని మన మూహింతుము. అది దేనిని కాల్చలేకపోయెను. దాని సంతానములను 133 వేరుచేసి పరీక్షింపగా మరల అదే తొమ్మిది, మూడు, మూడు, ఒకటి. అవిసెలోని ఒక్కొక్క జన్యువునకు తుప్పులో జతగా ఒక్కొక్క జన్యువు కలదని ఆయన 1940లలో నిర్ణయించెను.

నిదానించి చూచినచో ఇందు మూడు పొరలు కలవు. కాల్చు శక్తికి జన్యువు తుప్పునందు దొరకలేదు. దొరికినది కాల్చలేకపోవుటకు జన్యువు. అనగా శత్రువు ధరించిన బిళ్ల వంటిది యొకటి. ఆ బిళ్లను చూచి మణి మేల్కొనును. బిళ్ల లేని తుప్పు ఎదుట మణి గులకరాయి. కనుక తుప్పు బలపడి గెలుచుటలేదు, పోగొట్టుకొని గెలుచుచున్నది. ఇక మణి సంగతి. శాస్త్రులవారి పాఠములో నైయాయికుడును మీమాంసకుడును నిప్పు శక్తిని గూర్చియే తగవులాడిరి గాని, మణి యెల్ల నిప్పులను ఆపునా యని ఇరువురిలో నొక్కడైనను అడిగినట్లు మేము వినలేదు. మణికి మణిత్వమును ఇచ్చునది ఎదుటి నిప్పు. అభావమును గూర్చి చెప్పునప్పుడు నైయాయికులు ప్రతియోగి యను మాట వాడుదురు: ఊరక లేకపోవుట యని ఒకటి లేదు, ఏదో యొకదాని లేకపోవుటయే యుండును, ఆ యేదో యొకటి ప్రతియోగి. తెలుగులో ఆ మాటకు ఎదిరి, పోటీదారు అను నర్థము వాడుకలో కలదు. రెండర్థములును ఇంత చక్కగా నొకచో కూడుట నేనెచ్చటను చూడలేదు. విత్తనపు రక్షణ ప్రతియోగి లేక నిరూపింపరానిది. అది విత్తనములో గల సొమ్ము కాదు, విత్తనమునకును శత్రువునకును నడుమ నున్న ముడి.

ముడి యన్నది ఉపమానము మాత్రమే కాదని అయిదు దశాబ్దములు దాటిన పిమ్మట తెలిసినది. వరిలో అగ్గిని తట్టుకొను జన్యువులలో పీ-టా యనునది పేరెన్నికగన్నది. అది నిర్మించు ప్రోటీను 928 అమైనో ఆమ్లముల పొడవైన దండ. తట్టుకొను రకమున 918వ పూస అలనిన్, తట్టుకొనని రకమున అదేచోట సెరిన్. శిలీంధ్రము పంపు దూతకు ఈ దండ తగులుననియు, పూస మారినచో తగులదనియు 2000లో నిరూపించిరి. ఒక్క పూసకు చేనంత తేడా. శిలీంధ్రమునందు ఆ దూత జన్యువు క్రోమోసోము కొసన, తేలికగా తెగిపోవుచోట నున్నది. పారవేయుటకు అనువుగా వాకిటి ప్రక్కన పెట్టుకొన్న సామానువలె.

ఇక లేకపోవుటయే మణి యైన కథ. యవలకు వచ్చు బూడిద తెగులును తట్టుకొను మొక్క నొకదానిని 1942లో జర్మనీయందు ఎక్సుకిరణములు ప్రయోగించి పుట్టించిరి. అట్టి గుణమే గల యవలు అంతకు కొన్నియేండ్ల ముందు ఇథియోపియానుండి తెచ్చిన విత్తనములలోను ఉండెను. ఇది ఒక తెగను ఆపి ఒకదానిని విడుచునది కాదు, బూడిద తెగులు తెగల నన్నింటిని ఆపినది. దశాబ్దములు గడచినను చెక్కుచెదరలేదు. ఈ యద్భుత కవచము నిర్మించు జన్యువేదియో చూడబోగా, 1997లో తేలినదేమనగా, జన్యువు లేదు. అన్ని యవలయందును ఉండు ఎం.ఎల్.ఓ. అను జన్యువు ఇందు చెడిపోయినది. శిలీంధ్రము లోనికి వచ్చుటకు ఆ జన్యువే తలుపు. తలుపు లేని గోడకు తాళముతో పనియేమి? కుండ లేని యరుగు మీద శాస్త్రులవారు చేయిచాచి చూపిన శూన్యము నాకు అప్పుడు కండ్లకు గట్టినది. అయినను తలుపును శత్రువు కొరకని ఎవ్వరు పెట్టుకొందురు? అది పోయినందున ఆ యవల ఆకులపై దాడి లేకయే గోధుమరంగు మచ్చలు పడును. అంతేకాదు, అగ్గి శిలీంధ్రమునకు ఆ యవలు మునుపటికంటె సులభముగా లొంగును. జపానులోని మెట్టవరులందు పీ-21 అను మరియొక లోపము అగ్గిని నెమ్మదిగా, చిరకాలము ఆపుచుండెను. కాని ఆ రకపు కవచమును తెచ్చుకొన్న సంతతి కంతకును అన్నము రుచి చెడెడిది. కవచము ప్రక్కనే అన్నమును చెరుపు జన్యువు అంటుకొని యున్నదని 2009లో తెలిసి, రెండింటిని విడదీసిరి. అంతవరకు అన్నము తినువాని నాలుకయే ఆ రక్షణను పొలములకు రానీయలేదు.

ఈ కథలన్నింటిలో నన్ను మిక్కిలి కలతపెట్టినది ఓట్లు అను ధాన్యమునందలి విక్టోరియా రకపు కథ. దక్షిణ అమెరికానుండి వచ్చిన ఆ రకము కిరీటపు తుప్పు అను తెగులును గొప్పగా తట్టుకొనెను. అమెరికా ప్రజననకారులు దాని జన్యువును తమ రకములలోనికి తెచ్చిరి. 1940లలో అయోవా మొదలైన రాష్ట్రముల పొలములను విక్టోరియా సంతతి నింపెను. అప్పుడొక కొత్త ఎండు తెగులు పుట్టి ఆ సంతతిని మాత్రమే యేరియేరి చంపసాగెను. దానికి కారణమైన శిలీంధ్రమును 1946లో వర్ణించిరి. తుప్పునుండి కాచు జన్యువును, ఈ తెగులునకు లొంగదీయు జన్యువును విడదీయుటకు చేసిన యత్నములన్నియు విఫలమయ్యెను. ఏలయన అవి రెండు కావు. తుప్పు బ్రతికిన కణమును తిని బ్రతుకునది. కణము చచ్చినచో దానికి ఉపవాసము. కొత్తది శవమును తిని బ్రతుకునది. అది విక్టోరిన్ అను విషమును వదలి, మొక్క తన రక్షణ కొరకు దాచుకొన్న ఆ మీటనే నొక్కును. కణము శత్రువు చిక్కెనని తలచి నియమము తప్పక చచ్చును. శత్రువు విస్తరి ముందు కూర్చుండును. విక్టోరిన్‌కు మొక్కను లొంగదీయు జన్యువును 2007లో ఆవజాతికి చెందిన యొక చిన్న మొక్కయందు పట్టుకొనగా, అది రక్షక జన్యువుల కుటుంబములోనిదే యని తేలినది.

కణపు చావు మేలా కీడా యని అడిగిన, ఎవ్వని యెదుట నని తిరుగుప్రశ్న వేయవలసివచ్చును. సత్త్వము, శీలము, నిగ్రహము మున్నగు గుణములు మనుష్యునిలో పాతిపెట్టిన నిధులని, వంశముతో వచ్చునని, ఒకసారి యున్నచో ఎల్లప్పుడును ఉండునని మనము చెప్పుకొను మాటలను ఈ ఓట్ల పొలము ముందు నిలిచి మరల చెప్పుట నాకు కష్టము. ఏ దృఢత్వము ఒక ప్రలోభము ముందు కోటయైనదో, అదియే మరియొకని చేతికి పిడియగుట మన ఊళ్ళలోను చూచినదే. మాటకు కట్టుబడువానిని అతని మాటతోనే కట్టి తెచ్చెదరు.

అట్లని నైయాయికునకే సంపూర్ణ విజయపత్రము వ్రాసి యిచ్చుట న్యాయము కాదు. దక్షిణాఫ్రికావాడైన వాన్ డెర్ ప్లాంక్ 1963లో ప్రకటించిన గ్రంథమున రక్షణ రెండు విధములని చెప్పెను: ఒకటి నిలువుది, కొన్ని తెగలను పూర్తిగా ఆపి కొన్నింటిని పూర్తిగా విడుచునది, రెండవది అడ్డముది, అన్ని తెగలను కొంచెము కొంచెము ఆపునది. గోధుమయందలి ఎల్.ఆర్.34 అను జన్యువు ఈ రెండవ తీరుది. అది ఎవ్వని బిళ్లను చూడదు, ఎవ్వని పేరును అడుగదు. పెరిగిన మొక్కయందు మాత్రమే పనిచేయును. తుప్పును ఆపివేయదు, ఆలస్యము చేయును. ఆకుల కొనలు కొంచెము మాడును. అయినను అర్ధశతాబ్దికి పైగా అది నిలిచినది. కణపు పొరలో పదార్థములను అటునిటు మోయు ప్రోటీనును అది నిర్మించునని 2009లో తెలిసినది. దేని లేకపోవుటను బట్టియు, ఫలానా ప్రతియోగిని బట్టియు దీనిని నిర్వచింపలేము. శక్తి యనునది వస్తువునందు దానియంతట అదియే ఉండునని పట్టుబట్టిన మీమాంసకుడు ఈ గోధుమను చూపి గడ్డము నిమురుకొనవచ్చును. ఒక్కటి మాత్రము చెప్పక తప్పదు: అతనికి దక్కిన శక్తి ఆకు కొన మాడ్చుకొనుచు, సగము ఓడుచు, సగము నిలుచు శక్తి.

దైవమును రక్షింపుమని వేడువారు చదువు కవచములను గూర్చియు నాకొక యూహ కలిగినది. భాగవతము ఆరవ స్కంధమందలి నారాయణకవచము వంటివానిలో, నీటిలో నొక మూర్తి, అడవిలో నొక మూర్తి, ప్రొద్దుట నొకరు, రాత్రి నొకరు అని ఒక్కొక్క యపాయమునకు ఒక్కొక్క రక్షకుని పేరు చెప్పి పిలుచుట కలదు. ఒక్క మాటలో రక్షింపుమనక ఈ జాబితా యెందుకని చిన్ననాడు విసుగుకొనెడివాడను. వరిగింజలోని 500 పేర్ల జాబితాను గూర్చి చదివిన పిమ్మట ఆ విసుగు తగ్గినది. ఆ కవచము నింద్రునకు ఉపదేశించిన విశ్వరూపుడు తల్లి వైపున అసురుల బంధువగుటయు, చాటున వారికిని హవిర్భాగములిచ్చుచుండుటయు కథలో కలదు. దానిని వ్యాఖ్యానింపను, ఓట్లను తలచుకొని ఊరకుందును.

గడచిన యేడు హైదరాబాదులో రాజేంద్రనగరమందలి వరి పరిశోధన క్షేత్రమునకు ఒక మిత్రుని వెంట పోయితిని. అచ్చట అగ్గి తెగులును పరీక్షించు నారుమడులు కలవు. సన్నని వరుసలుగా వందలకొలది రకములు చల్లి, వాని చుట్టును హెచ్.ఆర్.12 అను రకమును వేయుదురు; అది అగ్గిని బొత్తిగా తట్టుకొనలేనిది. నత్రజని మెండుగా వేసి, నీరు చిలికి, తెగులునకు కావలసిన మర్యాదలన్నియు చేసెదరు. మేము పోవునప్పటికి చుట్టు వరుసలు మాడి, బూడిదవన్నెకు తిరిగి, ఒరిగిపోయి యున్నవి. నడుమ అచ్చటచ్చట ఒక వరుస పచ్చగా నిలిచియున్నది. అచ్చటి యువశాస్త్రజ్ఞుడు వంగి ఒక్కొక్క యాకును త్రిప్పి చూచుచు, సున్న మొదలు తొమ్మిది వరకు అంకెలు వేయుచుండెను. పచ్చని వరుస నొకదానిని చూపి, "బాబూ, దీనిలో తట్టుకొనే శక్తి ఉన్నట్టేగా?" అని యడిగితిని.

"ఇక్కడి అగ్గికి ఉంది సార్. కటక్ అగ్గికి ఉందో లేదో అక్కడ కూడా వేసి చూడాలి."

"మరి మాడిపోయిన ఈ హెచ్.ఆర్.12?"

"అది మాడకపోతే మిగతావాటికి వేసిన అంకెలు దేనికీ పనికిరావు సార్. ముందు దాన్నే చూస్తాం."

మరుసటి యేటికి ఆ విత్తనమెట్లని యడుగగా, దానిని వేరొక మడిలో, అగ్గి సోకకుండ, తక్కిన రకములకంటె జాగ్రత్తగా పండించి దాచెదమని చెప్పి, అతడు మరల వంగి తరువాతి వరుసలోని యాకును త్రిప్పెను.